తవ్వకాల్లో దొరికిన రాళ్ళని కడగొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

కొత్తరాతియుగం పనిముట్లు దొరికాయని మీ జిల్లా పేజీలో వార్త వచ్చినప్పుడల్లా ముందు ఫోటో చూస్తాను, గొడ్డళ్ళూ నూరుడు రాళ్ళూ తళతళలాడుతుంటాయి, అంటే కడిగేశారన్నమాట, ప్రాణం ఉసూరుమంటుంది.

మా అమ్మమ్మ సన్నికల్లు ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఎంత తోమినా కక్కు కొట్టించిన గుంటల్లో పసుపు అలాగే ఉండిపోతుంది. వేల ఏళ్ళ నాటి రాళ్ళకీ అంతే, ఏం నూరారో ఏ దుంప కోశారో దాని పిండి రేణువులు పగుళ్ళలో ఇరుక్కుని ఉంటాయి, మైక్రోస్కోప్ కింద పోలరైజ్డ్ లైట్‌లో చూస్తే ఒక్కో రేణువు మీద ఇంటూ మార్కు లాంటిది మెరుస్తుంది, ఆకారం సైజు బట్టి ఏ మొక్కో పోల్చుకుంటారు. పాపువా న్యూ గినీకి చెందిన బుకా దీవిలో కిలు గుహ దగ్గర 28 వేల ఏళ్ళ నాటి రాతి పనిముట్ల మీద చేమదుంప పిండి కనిపెట్టారు. ఇటలీలో బిలంచినో దగ్గర 30 వేల ఏళ్ళ నాటి నూరుడు రాయి మీద అయితే జమ్ము వేర్ల పిండి, మన చెరువుగట్ల కింద పెరిగే జమ్ము జాతే!

మన సంగతికొస్తే, పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో కొత్తరాతియుగం వాళ్ళు పశువుల పేడ కాల్చగా ఏర్పడిన బూడిద దిబ్బని బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ 1957లోనే తవ్వారు. దక్కన్‌లో ఆ కాలపు వాళ్ళు ఉలవలు, పెసలు, అండుకొర్రలు తిన్నారని మాడిన గింజల వల్ల తెలిసింది. కానీ దుంపలు గింజల్లాగా మాడి మిగలడం తక్కువ కదా, వాటి సంగతి చెప్పాల్సింది ఆ రాళ్ళే.

కొన్నేళ్ళ కింద ఒక తవ్వకం చూడ్డానికి వెళ్ళాను. టబ్బులో నీళ్ళు పోసి టూత్‌బ్రష్‌తో రాళ్ళు రుద్దుతున్నారు, ఆరాక సరిగ్గా పదును అంచు మీదే నెయిల్ పాలిష్ పూసి నంబరు వేస్తున్నారు. ఆ పిల్లల తప్పేం లేదు, వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

పురావస్తు శాఖల వాళ్ళకి నా విన్నపం ఒక్కటే. ప్రతి ట్రెంచ్‌లో కొన్ని పనిముట్లైనా మట్టితో సహా కవర్లో పెట్టండి, పక్క మట్టి కూడా విడిగా తీసిపెట్టండి, లేకపోతే ఆ పిండి రాయిదో మట్టిదో తేల్చలేరు. పౌడర్ ఉన్న గ్లవ్స్ వద్దు, అందులో మొక్కజొన్న పిండి ఉంటుంది, రాయికి అంటుకుంటే పాతదేదో కొత్తదేదో తెలీదు. పరీక్ష చేయించాలంటే లక్నోలో బీర్బల్ సాహ్ని సంస్థ ఉంది, పుణెలో డెక్కన్ కాలేజీ ఉంది. ఎప్పుడో కడిగేసిన రాళ్ళలో కూడా లోపలి పగుళ్ళలో ఎంతో కొంత మిగిలి ఉండొచ్చు, కాబట్టి మ్యూజియం షోకేసులు శుభ్రం చేసేటప్పుడు వాటిని మళ్ళీ నీళ్ళలో వేయొద్దని అక్కడి సిబ్బందికి దయచేసి చెప్పండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, కర్నూలు