హార్ట్‌వెల్ నుంచి అమ్మకు

అమ్మా,

నేనిక్కడ క్షేమం. మీరంతా క్షేమమని తలుస్తాను. ఫోనులో నీ గొంతు వినగానే చెప్పాలనుకున్నవన్నీ మరిచిపోతున్నాను, అందుకే ఈ ఉత్తరం. నాన్నకు కూడా చదివి వినిపించు.

పని బాగానే ఉంది. పొద్దున కూరగాయలు తరగడం, మధ్యాహ్నం ఎముకల రసం కాచడం, రాత్రి భోజనాల హడావిడి. వేళకు తింటున్నాను, నిద్రపోతున్నాను. సన్నబడ్డానని ఫొటో చూసి అనుకోవద్దు, అది ఆ కోటు వల్ల.

నేను ఎవరింట్లోనో వంటవాడిగా ఉన్నానని చిన్నత్త ఊళ్లో చెబుతోందన్నావు. నీకు కష్టం కలిగిందని గొంతులోనే తెలిసింది. ఉన్నది ఇంట్లోనే అమ్మా, అది అబద్ధం కాదు. ఆ ఇల్లు ఎలాంటిదో చెబుతాను, నువ్వు ఆమెకు చెప్పు.

లండన్‌కు 40 మైళ్ల దూరంలో, ఐల్స్‌బరీ ఊరి పక్కన, పెద్ద పెద్ద చెట్ల మధ్య ఉంటుంది హార్ట్‌వెల్ హౌస్. మొదట కట్టి 400 ఏళ్లు దాటింది. మెట్ల వెంట స్తంభాల మీద చెక్కతో చెక్కిన మనుషులు నిలబడి ఉంటారు, రాత్రి దీపం వెలుగులో మనల్నే చూస్తున్నట్టు అనిపిస్తుంది. ఇలాంటి ఇళ్లు ఈ దేశంలో చాలా ఉండేవి. పన్నులు కట్టలేక, పనివాళ్లు దొరకక పోయిన శతాబ్దంలో ఎన్నింటినో సొంతదారులే పడగొట్టించారు. హోటళ్లుగా మారడం వల్ల కొన్ని నిలబడ్డాయి. ఇది 1989లో హోటలైంది. 2008 నుంచి పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థ అధీనంలో ఉంది.

ఇలాంటి చోట్ల భోజనానికి వచ్చినవాళ్లను నేరుగా బల్ల దగ్గరికి తీసుకుపోరు. ముందు చలిమంట దగ్గర మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టి, తాగడానికి ఏదో ఒకటి ఇచ్చి, ఏం తింటారో అక్కడే అడుగుతారు. అన్నీ సిద్ధమయ్యాకే లోపలికి పిలుస్తారు. కాళ్లకు నీళ్లిచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి, విస్తరి వేశాక పిలిచే మన పద్ధతి గుర్తొచ్చింది నాకు. పళ్లెం పెద్దది, అందులో పెట్టేది గుప్పెడు. నువ్వు చూస్తే ‘ఆ పిల్లలకు కడుపు నిండుతుందా’ అంటావు. ఒకదాని తర్వాత ఒకటిగా వస్తాయి కాబట్టి నిండుతుందమ్మా.

ఇదంతా కాదు, నేను చెప్పాలనుకున్నది వేరే. ఈ ఇంట్లో ఒక రాజు తలదాచుకున్నాడు. ఫ్రాన్సులో 1793లో తల నరికేసిన రాజు ఉన్నాడే, ఆయన తమ్ముడు, పద్దెనిమిదో లూయీ. దేశం దేశం తిరిగి తిరిగి 1809లో ఇక్కడికి అద్దెకు వచ్చాడు. వెంట వందమందికి పైగా పరివారం. డబ్బు చాలక వాళ్లు ఇంటి కప్పు మీద కోళ్లూ కుందేళ్లూ పెంచుకున్నారు, తొట్లలో కూరగాయలు వేసుకున్నారు. ఇది తెలిసిన రోజు పని అయిపోయాక బయటికి వచ్చి ఆ కప్పు వైపు చాలాసేపు చూశాను. మన డాబా మీద నీ కోళ్లగూడు, పక్కన పాత బకెట్లలో వంగ మొక్కలు. రాజుల మనుషులైనా ఊరుగాని ఊళ్లో చేసేది అదే కదా.

ఆయన భార్య 1810 నవంబరులో ఇక్కడే పోయింది. 1814లో రాజుగా రమ్మని ఫ్రాన్సు నుంచి కబురొచ్చింది. కింద పుస్తకాల గదిలో సంతకం పెట్టి రాజుగా తిరిగి వెళ్లాడు, ఆమె లేకుండా. ఆ గది ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నాయనమ్మ గుర్తొస్తుంది. నేను రాలేకపోయిన ఆ నవంబరు గురించి నువ్వెప్పుడూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు బరువుగా ఉంది. టికెట్టుకు డబ్బులు లేక రాలేదు అమ్మా. అప్పుడు పనిచేసిన హోటల్లో రెండు నెలల జీతం ఆపేశారు. మీకు చెబితే నాన్న ఎక్కడైనా అప్పు చేస్తారని చెప్పలేదు. ఇప్పుడా కష్టం లేదు, నాన్నను దిగులు పడొద్దని చెప్పు.

సంక్రాంతికి రాలేను. ఏప్రిల్‌లో మూడు వారాల సెలవు ఖాయం, కాగితం కూడా చేతికిచ్చారు. చెల్లి పరీక్షలు అప్పటికి అయిపోతాయి కదా? ఫీజు డబ్బు ఈ శనివారం పంపిస్తాను.

ఐల్స్‌బరీ పేరు చెబితే ఇక్కడి ముసలివాళ్లు బాతుల మాట ఎత్తుతారు. తెల్లటి ఈకలు, లేత గులాబీ రంగు ముక్కు. ఒకప్పుడు ఈ ఊళ్లో ఇళ్లలోనే పెంచి లండన్ భోజనాలకు పంపేవారు. 1839లో రైలు రాకముందు మందలుగా తోలుకుంటూ నడిపించేవారట, పాదాలు అరిగిపోకుండా తారులోనూ ఇసుకలోనూ ముంచి. ఆ అసలు జాతి ఇప్పుడు చాలా అరుదు. వింటుంటే కోతలయ్యాక కొల్లేరు వైపు నుంచి మన చేలల్లోకి బాతుల్ని తోలుకొచ్చేవాళ్లు కళ్లముందు కనిపించారు. రాలిన గింజలు తినిపించుకుని రాత్రికి గట్టు మీదే పడుకునేవాళ్లు. పొద్దున్నే తాతయ్యకు గుడ్లు ఇచ్చేవాళ్లు. ఇప్పటికీ వస్తున్నారా? నీళ్లన్నీ చేపల చెరువులైపోయాక ఎటు పోతున్నారు పాపం?

వచ్చే మంగళవారం పనివాళ్ల భోజనం వండే వంతు నాది. పెద్ద వంటవాడు ‘మీ ఊరి వంట చెయ్యి’ అన్నాడు. ముప్ఫైమందికి నాయనమ్మ బాతు కూర చేస్తానని మాటిచ్చాను. ధనియాలు, గసగసాలు ఏ పాళ్లలో వేసేదో, కొబ్బరి వేయించేదో పచ్చిదే వేసేదో నీకే తెలుసు. ఉత్తరం చేరేలోగా మంగళవారం దాటిపోతుంది, ఆదివారం ఫోను చేస్తాను. ఈసారి ముందు అది చెప్పు, తర్వాతే మిగతా కబుర్లు.

నీ కొడుకు