గేమింగ్ కంప్యూటర్ బిల్లులో ప్రతి భాగం పేరూ ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

సెలవుల్లో పిల్లలకు కొనదగిన వస్తువుల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. గేమింగ్ కంప్యూటర్‌కు తక్కువలో తక్కువ లక్షన్నర రూపాయలు కావాలని అందులో రాశారు. ఆ అంకె చూసి మా ఊళ్లో చాలామంది ఆశ వదులుకుంటారు. మిగిలినవాళ్లు ‘మా దగ్గర నలభై వేలకే ఉంది’ అనే దుకాణానికి వెళ్తారు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ రెండో సంగతే.

నేను గోదావరిఖనిలో బొగ్గుగని ఎలక్ట్రీషియన్‌ని. ఐటీఐ చదివే రోజుల్లో స్నేహితుడి గదిలో ప్లేస్టేషన్ 2తో, అంటే టీవీకి తగిలించి ఆటలాడే పెట్టెతో (కన్సోల్ అంటారు) మొదలైన ఇష్టం నాది. తర్వాత సొంత జీతంతో ప్లేస్టేషన్ 4 కొనుక్కున్నాను. షిఫ్టు దిగి, స్నానం చేసి, ఒక గంట ఆడితే ఒళ్లు తేలికవుతుంది. దీన్ని పందేల యాప్‌లతో కలిపి తిట్టేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు అలాంటి ఆటలన్నిటికీ కలిపి దేశమంతటా వర్తించే చట్టం చేసింది. అవి ఇళ్లు కూల్చాయి, నిషేధం సబబే. నేను ఆడేవి వేరు, వాటిలో పోగొట్టుకోవడానికి పైసా ఉండదు.

కొత్త ఆటలు ప్లేస్టేషన్ 4కు రావడం తగ్గిపోయింది. ప్లేస్టేషన్ 5 మన దేశంలోకి 2021 ఫిబ్రవరిలో 49,990 రూపాయలకు వచ్చి, మరుసటి ఏడాదే 54,990కి చేరింది. ఆట ఒక్కటే కావాలంటే ఇప్పటికీ కన్సోలే సుఖమని నా అభిప్రాయం. టీవీకి తగిలించి కూర్చోవడమే పని. అయితే మా ఇంట్లో ఇంటర్ చదివే అమ్మాయికి కంప్యూటర్ అవసరం. అంత డబ్బుతో రెండు అవసరాలూ తీరాలి. పైగా ఆన్‌లైన్‌లో నలుగురితో కలిసి ఆడాలంటే కన్సోల్‌లో చాలా ఆటలకు చందా కట్టాలి, కంప్యూటర్‌లో ఆ చందా లేదు. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ 2015 నుంచి మన రూపాయల్లోనే ధరలు చూపుతోంది, యూపీఐతో చెల్లించవచ్చు. నష్టమూ ఉంది. ఆడేసిన డిస్కు అమ్మి, ఆ డబ్బుకు కాస్త కలిపి మరొకటి తెచ్చుకునే అలవాటు మా బోటి వాళ్లకు పెద్ద ఆసరా. కంప్యూటర్‌లో అది పోతుంది. ఇంట్లో ఉన్న పాత డిస్కులు అందులో పనిచేయవు కూడా. పాత కంట్రోలర్ మాత్రం చక్కగా పనిచేస్తుంది.

ఇక దుకాణాల సంగతి. ఏ ఊరని చెప్పను గానీ, ఒకచోట నాకు ఇచ్చిన కాగితంలో ఇలా ఉంది: ‘ఐ5, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్, 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్, గేమింగ్ క్యాబినెట్, 42,000’. ఐ5 అనేది ఇంటెల్ ప్రాసెసర్ పేరు, ప్రాసెసర్ అంటే కంప్యూటర్‌కు మెదడు, అది ఎప్పటిదో తరం చెబుతుంది. గ్రాఫిక్స్ కార్డు తెర మీద బొమ్మలు గీసేది, ఎస్‌ఎంపీఎస్ అన్ని భాగాలకూ కరెంటు పంచే పెట్టె. ఐ5లో ఏ తరం అని అడిగితే ‘ఐ5 అంటే ఐ5 కదా సార్’ అన్నాడు. పక్కన తెరిచి ఉన్న అలాంటిదే మరో పెట్టె చూపించమన్నాను. లోపల ఉన్నది మూడో తరం ప్రాసెసర్, అంటే 2012 నాటిది. దానికి జతగా జీటీ 730 గ్రాఫిక్స్ కార్డు. బయట మాత్రం రంగురంగుల లైట్లు.

ఈ కార్డు గురించి పాఠకులకు వివరంగా చెప్పాలి. దీని మీద ‘4 జీబీ’ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ 4 జీబీ మెమరీ ఒక ట్యాంకు అనుకోండి. ట్యాంకు ఎంత పెద్దదైనా పైపు సన్నదైతే బిందె నిండదు. ఎక్కువగా అమ్ముడయ్యే 64 బిట్ల డీడీఆర్3 రకంలో (పాత మెమరీ, సన్న పైపు) మెమరీ నుంచి సమాచారం సెకనుకు 15 గిగాబైట్ల లోపే వస్తుంది. 2013లో విడుదలైన ప్లేస్టేషన్ 4లో అది 176 గిగాబైట్లు. అంటే నాలాంటి కన్సోల్ ఆటగాడు నలభై రెండు వేలు పోసి, ఇంట్లో ఉన్న పాత పెట్టెకంటే ఎంతో బలహీనమైన దాన్ని మోసుకొస్తాడు. ఆ ప్రాసెసర్‌తో ఇంకో చిక్కు ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరమో ఆ తర్వాతిదో కావాలి. మా కాలనీలో ఒక కుటుంబం పిల్లవాడి పట్టుదల మీద ఇలాంటి కంప్యూటరే కొన్నది. ఆ పిల్లవాడు ఇప్పుడు దాని మీద పాటలు వింటున్నాడు.

నా వృత్తికి దగ్గరైన విషయం ఎస్‌ఎంపీఎస్. కొనేవాళ్లు దీన్ని పట్టించుకోరు, అమ్మేవాళ్లకు తెలిసినా చెప్పరు. పెట్టె మీది ‘500 వాట్లు’ నమ్మవద్దు. పక్కన అతికించిన చీటీలో 12 వోల్టుల గడి చూడండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా తీసుకునేది ఆ 12 వోల్టుల కరెంటే. నేను చూసినదాని మీద 18 ఆంపియర్లు అని ఉంది. పన్నెండును పద్దెనిమిదితో గుణిస్తే 216 వాట్లు. ఐదు వందలు ఎక్కడ, ఇది ఎక్కడ? తర్వాత నేను కొన్న ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 132 వాట్ల దాకా తీసుకుంటుంది, ప్రాసెసర్‌కు 65 వాట్లు. ఫ్యాన్లు, మిగతా బోర్డు కలిస్తే ఆ 216లో ఏమీ మిగలదు. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ పోతే ఒంటరిగా పోదు, మిగతా భాగాలనూ తీసుకుపోవచ్చు. ఎర్తింగ్ లేని ప్లగ్గులో పెడితే క్యాబినెట్ ముట్టుకోగానే చెయ్యి జివ్వుమనడం చాలా ఇళ్లలో ఉంది. దాన్ని మామూలే అనుకోకండి, ముందు ఎర్తింగ్ సరిచేయించండి.

చివరికి 2025 మొదట్లో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్ వెళ్లి, పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొన్నాను. రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు (భాగాలన్నీ బిగించే పలక), ఎనిమిదేసి జీబీల ర్యామ్ రెండు, ఆటలు, ఫైళ్లు దాచుకునే ఒక టెరాబైట్ ఎస్‌ఎస్‌డీ, 8 జీబీల ఆర్‌ఎక్స్ 6600, బ్రాంజ్ ముద్ర (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తు) ఉన్న 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్, ముందువైపు జాలీ ఉన్న సాదా క్యాబినెట్. లైట్లు లేవు. మొత్తం యాభై వేలకు కాస్త అటూఇటూ అయింది. తెరగా ఇంట్లో ఉన్న ఫుల్ హెచ్‌డీ టీవీనే వాడుతున్నాను, ఆ టీవీకి ఈ కార్డు చాలు. 2025 చివరి నెలల్లో కృత్రిమ మేధ డేటా కేంద్రాల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి ఈ లెక్క ఇప్పుడు కుదరదు. అయినా మీరు రాసిన లక్షన్నరకు చాలా దూరంలోనే ఉంటుంది.

బిగించడం గురించి భయపడేవాళ్లకు రెండు మాటలు. ర్యామ్ రెండూ మదర్‌బోర్డు పుస్తకంలో చెప్పిన గాడుల్లోనే (స్లాట్లలోనే) పెట్టాలి, చాలా బోర్డుల్లో అవి రెండవ, నాలుగవ గాడులు. టీవీ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే తగిలించాలి. ఈ ప్రాసెసర్‌లో బొమ్మ చూపే ఏర్పాటు లేదు కాబట్టి మదర్‌బోర్డుకు తగిలిస్తే తెర నల్లగానే ఉంటుంది. బీ450 బోర్డు పాత సరుకైతే ఈ ప్రాసెసర్‌ను గుర్తించకపోవచ్చు, బయోస్ (బోర్డు లోపలి మూల సాఫ్ట్‌వేర్) మార్చి ఇమ్మని దుకాణంలోనే అడగాలి. మా ఊరి బొగ్గు దుమ్ముకు జాలీని తరచూ దులపాల్సిందే. వేసవిలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు క్యాబినెట్‌ను గోడకు ఆనించి పెట్టకూడదు.

చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనూ ఒకరిద్దరు ‘కచ్చా బిల్లు చాలు, జీఎస్టీ కలిసివస్తుంది’ అన్నారు. 18 శాతం మిగులుతుందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ రేపు కార్డు పాడైతే సర్వీసు కేంద్రంలో మొదట అడిగేది బిల్లే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. మన ఊరి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, దుకాణం ఏ ఊళ్లో ఉన్నా సరే. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

నా విన్నపాలు ఇవి. అమర్చి అమ్మే ప్రతి కంప్యూటర్ బిల్లులోనూ ప్రాసెసర్, మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎంపీఎస్‌ల పూర్తి పేరు, సీరియల్ నంబరు రాసి తీరాలని రెండు తెలుగు రాష్ట్రాల పౌర సరఫరాల శాఖలు ఆదేశించాలి. ‘ఐ5 గేమింగ్ సీపీయూ ఒకటి’ అని ఒక్క వరుసలో రాసే బిల్లును బిల్లుగా ఒప్పుకోకూడదు. మీ పత్రిక వైపు నుంచి, ఏ ధరకు ఏ భాగాలు వస్తాయో చెప్పే ఒక పట్టికను మూడు నెలలకోసారి తెలుగులో వేయండి. కార్ల గురించి, ఫోన్ల గురించి మీరు అంత ఓపికగా రాస్తున్నారు, ఇదీ అంతే అవసరం. నా బిల్లు నకలు, ఆ 18 ఆంపియర్ల చీటీ ఫోటో ఈ ఉత్తరంతో జతచేశాను. దుకాణం పేరు కనపడకుండా చేశాను కాబట్టి అభ్యంతరం లేకుండా ప్రచురించుకోవచ్చు.

ఇట్లు,
ఒక ఎలక్ట్రీషియన్,
గోదావరిఖని, పెద్దపల్లి జిల్లా