మళ్లీ వచ్చినందుకు

మలేరియా మీద పనిచేసే ఒక చిన్న సంస్థ గురించి ఇది. పేరు రాయవద్దన్నారు, రాయడం లేదు. పాడేరులో ఒక మందుల దుకాణం పైనున్న రెండు గదుల్లో ఉంటారు. మొత్తం ఐదుగురు, రెండు మోటారు సైకిళ్లు. ఆ రెండింటిలో ఒకటి ఎప్పుడు చూసినా మెకానిక్ దగ్గరే ఉంటుంది. కానీ ఈ వానాకాలమంతా మా బడి హాజరు పట్టీ నిండుగా ఉందంటే అది వాళ్ల చలవే. మా ఊరి తరఫున, నా తరఫున ఆ మాట నలుగురిలో చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

నేను అల్లూరి సీతారామరాజు జిల్లాలో, ముంచింగిపుట్టు వైపు, ఒక గిరిజన గ్రామంలో ఏకోపాధ్యాయ పాఠశాల మాస్టారిని. 31 గడపల ఊరు. తారురోడ్డు దిగాక నాలుగు కిలోమీటర్ల నడక, మధ్యలో ఒక గెడ్డ. మాది అనకాపల్లి దగ్గర. నన్ను ఇక్కడికి వేశారని తెలియగానే మా అమ్మ మొదట అడిగింది జీతం గురించి కాదు, చలిజ్వరం గురించి. ఆమె చిన్నతనంలో మన్యానికి బదిలీ అంటే ఉద్యోగులు సెలవు పెట్టేసేవారట. "మన్యం నీళ్లు పడవు" అనేవారట. తప్పు నీళ్లది కాదు, ఆ నీళ్లలో పుట్టే దోమది.

నిరుడు ఆగస్టులో ఒక సోమవారం బడికి 19 మందికి గాను ఏడుగురే వచ్చారు. బుధవారానికి నేనే పడిపోయాను. మూడు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడే చలి, తర్వాత ఒళ్లు పెనంలా కాలడం, ఆ తర్వాత చాప తడిసిపోయేంత చెమట. నాకు తగ్గింది. మూడో తరగతి పిల్ల ఒకతెకు మాత్రం జ్వరం తలకెక్కింది. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. మలేరియాలో ఆ మాయదారి ఫాల్సిపారం రకం మెదడు దాకా వెళితే గంటల్లో ప్రాణం తీస్తుంది. నలుగురు డోలీ కట్టి మోశారు. గెడ్డ నడుము లోతున పారుతోంది. రోడ్డెక్కాక వాహనం కోసం ఎవరెవరికి ఫోన్లు చేశామో నాకే గుర్తులేదు. వచ్చింది మాత్రం ఈ పాడేరు వాళ్లు మాట్లాడి పంపిన జీపు. ఆసుపత్రిలో ఐదు రోజులు ఆ తల్లి పక్కన కూర్చున్నది వాళ్లలోని ఒక అమ్మాయి. ఆ తల్లికి కువి తప్ప మరో భాష రాదు. డాక్టరు చెప్పింది తల్లికి, తల్లి చెప్పింది డాక్టరుకు ఆ అమ్మాయే అందించింది. పిల్ల బతికింది. ఇప్పుడు నాలుగో తరగతి.

అంతవరకే అయితే ఇది మామూలు కృతజ్ఞత. డబ్బు ఇచ్చేవాళ్లు, జీపు పంపేవాళ్లు దేవుడి దయ వల్ల ఇంకా ఉన్నారు. నేను చెప్పదలచుకున్నది ఆ తర్వాతి సంగతి. వాళ్లు మళ్లీ వచ్చారు. పిల్ల ఇల్లు చేరిన రెండో వారం, ఆ పై వారం, ఆ పై నెల.

మా ఊరికి దోమతెరలు రాలేదని అనుకోవద్దు. వచ్చాయి. నాణ్యమైన మందు తెరలే, 20 ఉతుకుల దాకా, మూడేళ్ల వరకు పనిచేసేవి. పంపిణీ రోజు తీసిన ఫొటోలో నేను కూడా ఉన్నాను, చేతిలో కట్ట పట్టుకుని. సంతకాలు పెట్టించింది నేనే. తర్వాత ఆ తెరలు ఏమయ్యాయో చూస్తే, ఒకటి కోడిపిల్లల గంప మీద, ఒకటి గెడ్డలో చేపల వేటకు, ఒకటి ఆరబోసిన చోళ్ల మీద. ఒక ఇంట్లో అయితే సంచి కూడా విప్పకుండా అటక మీద భద్రంగా ఉంది. కూతురి పెళ్లికి ఇస్తారట. నేను కోప్పడ్డాను. బడిలో పిల్లలకు, వీధిలో పెద్దలకు ఉపన్యాసం ఇచ్చాను. విన్నారు, తలలు ఊపారు, గంప మీది తెర గంప మీదే ఉంది.

ఆసుపత్రిలో తోడున్న ఆ సంస్థ అమ్మాయి ఉపన్యాసం ఇవ్వలేదు. ఇంటింటికీ వెళ్లి ఒకే ప్రశ్న అడిగింది, "రాత్రి ఎక్కడ పడుకుంటారు?"

నాలుగేళ్లుగా ఆ ఊళ్లో ఉంటున్నాను, ఆ ప్రశ్న నాకు తట్టలేదు. చలికాలం అందరూ పొయ్యి చుట్టూ పడుకుంటారు, తెర కడితే నిప్పురవ్వ పడుతుంది. ఇంట్లో మంచం ఉండదు, తెర నాలుగు కొసలు కట్టడానికి మేకు ఉండదు. అన్నింటికన్నా ముఖ్యం, పంట చేతికొచ్చే రోజుల్లో మగవాళ్లు, ఎదిగిన పిల్లలు ఇంట్లోనే ఉండరు. పోడు చేలో మంచె మీద అడవిపందులకు కాపలా. రాత్రంతా ఆరుబయట, కింద గెడ్డ. ఇంట్లో ఎన్ని తెరలున్నా ఏం లాభం? ఆ అమ్మాయి ఇదంతా ఒక పాత లెక్కల పుస్తకంలో రాసుకుంది. పై వారం ఇద్దరు కుర్రాళ్లతో వచ్చింది.

ఆ సాయంత్రం మొదటి తెర కట్టడం దగ్గరుండి చూశాను. కొత్త తెర కదా, ఒక రోజంతా నీడలో ఆరవేసి తెచ్చారు, మందు ఘాటు తగ్గడానికి. ఇంటాయన అడ్డతీగ నార తెచ్చి తొడ మీద పేని తాడు చేశాడు. వెదురు బద్దలు రెండు దూలాలకు అడ్డంగా పెట్టి, వాటికి ఉచ్చుముడి వేశారు. పొయ్యికి దూరంగా జరిపి, అంచు చాప కిందకు దోపారు. పొద్దున ఒక్క లాగుతో ముడి ఊడుతుంది, తెర చుట్టి పైకి దోపేయవచ్చు. ఇంటి ముసలమ్మ లోపలికి దూరి కూర్చుని, కాసేపటికి బయటకు వచ్చి "ఊపిరాడుతుందిలే" అంది. మర్నాడు మంచెల దగ్గరికి వెళ్లారు. మంచె పైకప్పు వాసాలకు కట్టడానికి వేరుగా తెరలు తెచ్చారు. కోడిగంపకు, చోళ్లకు? వాటికి చిల్లులు పడిన పాత తెరలు తెచ్చి ఇచ్చారు. ఎవరినీ ఏమీ అనలేదు.

దోమ సంగతిలోనూ నా గర్వం అణిగింది. శుక్రవారం శుక్రవారం పిల్లలచేత కుండలు బోర్లింపజేసేవాడిని. మంచిదే, కానీ అది డెంగీ దోమకు. మా కొండల్లో మలేరియా మోసే దోమ కుండను చూసి రాదు, మెల్లగా పారే తేటనీటి అంచులను వెతుక్కుంటుంది. సంస్థ పెద్దాయన, మూడు దశాబ్దాలు మైక్రోస్కోపు కింద రక్తపూతలు చూసి రిటైరైన మనిషి, పిల్లలను గెడ్డ ఒడ్డుకు తీసుకెళ్లి గడ్డి పక్కన తెల్ల గిన్నెతో నీళ్లు ముంచాడు. గిన్నెలో బియ్యపు నూకల్లాంటివి నీటి మీద అడ్డంగా పడుకుని ఉన్నాయి. తలకిందులుగా వేలాడేది వేరే దోమ పిల్ల, ఇలా పడుకునేది మనది అన్నాడు. "మనది" అనేసరికి పిల్లలు పడీ పడీ నవ్వారు. దోమ కడుపులో మలేరియా క్రిమిని మొదట చూసింది మన సికింద్రాబాదులోనే అని, 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ చూశాడని, దోమలతో కుట్టించుకున్న రోగికి దోమకు అణా చొప్పున ఇచ్చాడని కూడా చెప్పాడు. ఒక గడుగ్గాయి లేచి, అయితే మా నాన్నకు ఎంత బాకీ ఉన్నారు అని అడిగాడు.

మందుల విషయం ఇంకా కష్టం. వేలికి సూది గుచ్చి కిట్టు మీద రక్తపు చుక్క వేస్తే పావుగంటలో గీతలు తేలతాయి. అది మా ఆశా కార్యకర్త పని, ఆమె చేస్తూనే ఉంది. రెండు మూడు కొండల మీద ఊళ్లు ఆమెకు ఉన్నాయి, ఆమెను అనడానికి నోరెలా వస్తుంది? సంస్థవాళ్లు ఆమెకు చేసింది చిన్నదే, బండి మీద తిప్పారు. అసలు చిక్కు ఏమిటంటే రెండో రోజుకు జ్వరం దిగుతుంది, మిగిలిన మాత్రలు చూరులోకి వెళతాయి, "మళ్లీ వస్తే పనికొస్తాయి" అని. అందుకే ఖాళీ అట్టలు బడికి తెమ్మన్నారు. ఐదు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లది ఆకుపచ్చ అట్ట, తొమ్మిది నుంచి పద్నాలుగు దాకా ఎరుపు, పెద్దవాళ్లది తెలుపు. మూడు రోజుల మాత్రలూ మింగిన అట్టకు బడి గోడ మీద చోటు. మా గోడ మీద తండ్రుల తెల్ల అట్టలు కూడా ఉన్నాయి, పిల్లలు తెచ్చి అంటించినవి.

వైవాక్స్ అనే మరో రకం మలేరియా అయితే మాత్రలు 14 రోజులు. అది కాలేయంలో దాక్కుని, నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. ఊళ్లో దాన్ని చేతబడి అనుకునేవారు. ఇద్దరు పిల్లలకు ఆ మాత్ర మధ్యాహ్న భోజనం తర్వాత నా ఎదుట మింగించే ఏర్పాటు చేశారు, ఖాళీ కడుపున వేయకూడదు కనుక. మూత్రం నల్లగా వస్తే వెంటనే ఆపి కబురు చేయమన్నారు. బడి రోజులు సరే, మధ్యలో రెండు ఆదివారాలు వచ్చాయి. ఆ రెండు ఆదివారాలూ పాడేరు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఒక్కొక్క మాత్ర కోసం. రెండో ఆదివారం జోరు వాన, గెడ్డ దాటేటప్పుడు చెప్పు ఒకటి కొట్టుకుపోతే ఒంటి చెప్పుతో వచ్చాడు. నేను ఆ రోజు అనకాపల్లిలో పండుగ భోజనం చేస్తున్నాను. సిగ్గు వేసింది.

ఊరి నాటు వైద్యుడితో కూడా వాళ్లు గొడవ పెట్టుకోలేదు. మంత్రం మీరు వేయండి, మా ఆశమ్మను సూది గుచ్చనివ్వండి అన్నారు. ఇప్పుడు జ్వరమని వచ్చినవాళ్లను మొదట ఆమె దగ్గరికి పంపేది ఆయనే. గోడలకు మందు కొట్టే ముందే ఇళ్లు అలుక్కోమని ఊరిని ఒప్పించారు. కొట్టాక అలికితే ఆ మందంతా మట్టి కింద పడుతుంది మరి. ఒక్క విషయంలోనే వాళ్లతో నాకు పేచీ. పిల్లలకు దోమల మీద ఒక పాట నేర్పారు. దానికి రాగం లేదు, తాళం లేదు. రోజూ ప్రార్థన తర్వాత వినాల్సి వస్తోంది.

ఈ ఏడు జ్వరం రాలేదని చెప్పను. వచ్చింది. తొలి రోజే తెలిసింది, డోలీ కట్టే అవసరం పడలేదు.

సంత రోజున మా ఊరివాళ్లు రాజ్‌మా చిక్కుళ్లు ఒక బుట్ట, మిరియాలు కొన్ని మూట కట్టి పాడేరు పంపారు. చిక్కుళ్లు ఉంచుకుని, మిరియాలు అమ్ముకోమని తిప్పి పంపారు. డబ్బు సాయం చేస్తామన్న నా స్నేహితులకు ఒక మాట, వాళ్లకు ముందు కావలసింది బండికి వెనక టైరు. నేను అడిగి తెలుసుకున్నాను.

అటక మీద తెర దాచుకున్న ఆ తల్లి దాన్ని విప్పి కట్టుకుంది. మాఘంలో కూతురి పెళ్లి. పెళ్లికి కొత్త తెర తెచ్చి ఇస్తామని ఆ అమ్మాయి మాట ఇచ్చింది. ఐదుగురూ రావాలి, ఆ రోజైనా రెండు బళ్లూ నడవాలి.