తల్లి రొయ్య కంటి కాడను తీసే పద్ధతి మారాలి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా సుంకాలు పెరిగిన నాటి నుంచి రొయ్యల ధరలు, మేత ఖర్చు, కొత్త మార్కెట్ల గురించి పత్రికలలో విరివిగా వార్తలు వస్తున్నాయి. దేశంలో రొయ్యల సాగుకు మన కోస్తాయే పెద్దదిక్కు కనుక ఆ చర్చ జరగవలసిందే. అయితే అందులో ఎక్కడా ప్రస్తావనకు రాని ఒక బాధాకరమైన పద్ధతిని పాఠకుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

చెరువులో వదిలే సీడు, అంటే రొయ్య పిల్లలు, గుడ్లను పొదిగించే హేచరీలో పుడుతుందని రైతులందరికీ తెలుసు. ఆ సీడునిచ్చే తల్లి రొయ్యలకు చాలా హేచరీలలో ఒక కంటిని కాడతో సహా తీసేస్తారన్న సంగతి మాత్రం రొయ్యలు తినేవారిలో ఎక్కువమందికి తెలియదు. అండాశయం ఎదుగుదలను అదుపు చేసే హార్మోను కంటి కాడలోని గ్రంథి నుంచి వస్తుంది. ఒక కాడ పోతే ఆ అదుపు సడలి, ఆడ రొయ్య త్వరగా గుడ్లకు వస్తుంది, తక్కువ వ్యవధిలో మళ్లీ మళ్లీ పెడుతుంది. 1940ల నుంచీ శాస్త్రవేత్తలకు తెలిసిన ఈ కిటుకు మీదనే ప్రపంచమంతటా రొయ్యల హేచరీలు నడిచాయి.

జంతుశాస్త్రం బోధించే రోజుల్లో విద్యార్థులను తీసుకుని తీరంలోని ఒక హేచరీకి వెళ్లినప్పుడు ఈ పనిని దగ్గర నుంచి చూశాను. అక్కడి టెక్నీషియన్ తల్లి రొయ్యను చేతివలతో పైకి తీసి, ఎడమ చేత్తో కదలకుండా పట్టుకుని, మంట మీద ఎర్రగా కాల్చిన పటకారుతో కంటి కాడను నొక్కిపెట్టాడు. రొయ్య తోకను పదేపదే బలంగా విదిలించింది. తొట్టిలో వదిలాక తోటి రొయ్యలతో పాటు మేత దగ్గరకు పోకుండా, గాయమైన చోటును ముందరి కాళ్లతో రుద్దుకుంటూ ఒక మూలన ఉండిపోయింది. మత్తుమందు ఏదీ వాడలేదు. ఆ యువకుడిలో నాకు క్రౌర్యం కనిపించలేదు, తనకు నేర్పిన పని నేర్పుగా, త్వరగా ముగించాడు. మార్చవలసింది ఆ నేర్పిన పద్ధతినే.

అది నొప్పి కాదు, తాకితే ముడుచుకునే ఆకుల వంటి ప్రతిక్రియ మాత్రమేనని వాదించేవారు ఉన్నారు. ఈ సందేహాన్ని బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఎల్వుడ్ బృందం ఏళ్ల తరబడి పరీక్షించింది. రొయ్య మీసానికి ఆమ్లం పూసినప్పుడు అది ఆ మీసాన్నే పట్టుకుని చాలాసేపు తుడుచుకుంది, తొట్టి గోడకు రుద్దుకుంది. ముందుగా తిమ్మిరి మందు పూస్తే ఆ ప్రవర్తన తగ్గింది. మరికొన్ని జాతులలో ఈ ఫలితం రాలేదన్న పరిశోధకులూ ఉన్నారు, కాబట్టి ఒక్క ప్రయోగంతో విషయం తేలిపోయిందని నేను అనను. కానీ 2014లో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు, రొయ్యలకు దగ్గరి బంధువైన క్రేఫిష్‌కు విద్యుత్ షాక్ ఇచ్చినప్పుడు అది వెలుతురు వైపు వెళ్లడానికి జంకడం, మనుషులకు ఆందోళన తగ్గడానికి ఇచ్చే మందు ఇవ్వగానే మళ్లీ అటు తిరగడం గమనించారు. షాక్ ఆగిపోయిన తరువాత కూడా మిగిలే ఆ జంకును కేవలం ప్రతిక్రియ అని కొట్టివేయడం కష్టం. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ నిపుణులు 300కు పైగా పరిశోధనలను పరిశీలించి 2021లో ఇచ్చిన నివేదిక ఆధారంగా, బ్రిటన్ తన 2022 నాటి చట్టంలో పీతలనూ రొయ్యలనూ ఆక్టోపస్‌లనూ బాధ తెలిసిన ప్రాణులుగా గుర్తించింది. మన చెరువుల్లో పెరిగే జాతుల మీద పరిశోధన తక్కువేనని ఆ నివేదికే ఒప్పుకుంది. పరిశోధన తక్కువ జరిగినంత మాత్రాన నొప్పి లేదని అనుకోవడం న్యాయం కాదు.

మన 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం మనిషి కాని ప్రతి ప్రాణీ జంతువే. ఆవుకూ ఏనుగుకూ వర్తించే ఆ నిర్వచనంలోకి రొయ్య కూడా వస్తుంది. జంతువును అంగహీనం చేయడాన్ని అదే చట్టం నేరాల జాబితాలో చేర్చింది. పశువులకు కొమ్ములు తీయడం, విత్తులు కొట్టడం వంటి వాటిని నిర్దేశించిన పద్ధతిలో చేస్తే మినహాయింపు ఉంది, ఆహారం కోసం చంపడానికీ ఉంది. కంటి కాడ తీయడం ఆ మినహాయింపుల్లో పేరుపెట్టి లేదు. అది నేరమా కాదా అన్నది న్యాయస్థానాలు చెప్పవలసిన మాట.

ఇది లేకుండా సీడు రాదన్న భయం కూడా అక్కరలేదు. స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కంటి కాడ తీయని వనామీ (మన చెరువుల్లో ఎక్కువగా పెంచే రొయ్య జాతి) తల్లులతో వాణిజ్య స్థాయిలోనే పనిచేసి చూపారు. ఒక్కొక్క తల్లి గుడ్లు పెట్టే తరచుదనం కొంత తగ్గినా, వాటి పిల్లలు వైట్ స్పాట్ అనే వైరస్ తెగులును మరింత బాగా తట్టుకున్నాయని వారు గమనించారు. ఒక్క రాత్రిలో చెరువు ఖాళీ అయిన రైతుకు ఆ మాట విలువ ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

హేచరీలను నమోదు చేసే కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ, కంటి కాడ తీసేముందు తిమ్మిరి మందు వాడడాన్ని వెంటనే తప్పనిసరి చేయాలి. కాడ తీయని తల్లుల సీడు మన నీటిలో, మన వాతావరణంలో ఎలా ఎదుగుతుందో చెన్నైలోని ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ పరీక్షించి రైతులకు చెప్పాలి. ఆ పద్ధతికి మారే హేచరీలకు తల్లి రొయ్యల కొనుగోలులో రాష్ట్ర ప్రభుత్వం కొంత ఆసరా ఇవ్వాలి, ఎందుకంటే ఎక్కువ తల్లులను పోషించే ఖర్చు చిన్న హేచరీలకు భారమవుతుంది. ఈలోగా రైతు సోదరులు సీడు కొనేటప్పుడు సీడులో వైరస్ లేదని చూపే పీసీఆర్ పరీక్ష కాగితంతో పాటు, తల్లి రొయ్యలకు కళ్లు రెండూ ఉన్నాయా అని కూడా అడగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
భీమవరం.