కళ్లజోడు ఇవ్వకుండా నూరు శాతం ఫలితాలా, మంత్రిగారూ?

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఈ లేఖ నకలు విద్యాశాఖ మంత్రి గారికీ పంపుతున్నాను. మా పిల్లల కళ్లు మీ శాఖవి, మార్కులు ఆయన శాఖవి. కళ్లజోడు ఎవరిదో ఇంతవరకూ తేలలేదు.

కిందటేడు బడిపిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే మీ ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందం మా హైస్కూలుకు వచ్చింది. వాళ్లను అనడానికేం లేదు, ఓపిగ్గానే చూశారు. వరండా చివర చార్టు తగిలించి, ఒక్కో కన్ను మూయించి చదివించారు. చూపు తగ్గినవాళ్ల పేర్లు యాప్‌లో ఎక్కించి రిఫరల్ చీటీలిచ్చారు. జోళ్లు బడికే వస్తాయన్నారు. అప్పటి తొమ్మిదో తరగతి ఇప్పుడు పదికొచ్చింది. జోళ్లే రాలేదు.

మా క్లాసులో ఒక అమ్మాయిని మొదటి బెంచీలోనే కూర్చోబెట్టాం. అయినా బోర్డు మీది 8ని 3గా ఎక్కించుకుంటుంది. మైనస్ గుర్తు కనపడక కూడేస్తుంది. లెక్క చేసిన పద్ధతంతా సరే, జవాబు తప్పు. మధ్యాహ్నానికి తలనొప్పని తల వాల్చేస్తుంది. వాళ్లమ్మ మిరప కోత కూలి వదులుకుని ఆ చీటీతో పెద్దాసుపత్రికి వెళితే, కంటి డాక్టరు గారు ఈరోజు రారన్నారు. ఇంకోసారి వెళితే డాక్టరున్నారు, అద్దాల స్టాకు లేదు. ఇంకెన్ని కూలీలు పోగొట్టుకోమంటారు సార్ ఆవిణ్ని?

సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టాం. కొన్నాళ్లకు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: 'మీ సమస్య పరిష్కరించబడినది.' ఏ పిల్ల ముక్కు మీద పరిష్కారమైందో చెబితే వెళ్లి చూసి సంతోషిస్తాం.

ఇక పదో తరగతికి ప్రత్యేక ప్రణాళిక, స్లిప్ టెస్టులు, వెనకబడిన పిల్లల జాబితా, ఫలితం తగ్గితే మాకు మెమో. ఆ జాబితానీ మీ బృందం రాసిన చూపు తగ్గినవాళ్ల జాబితానీ ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి, చాలా పేర్లు రెండింట్లోనూ ఉంటాయి. చైనా పల్లెల్లో బడిపిల్లలకు ఉచితంగా జోళ్లిస్తే లెక్కల మార్కులు పెరిగాయని 2014లోనే పరిశోధకులు తేల్చారు. మాకు అంతదూరం అక్కర్లేదు, మా మొదటి బెంచీ చాలు.

ఐరన్ మాత్రల సంగతి ఇప్పుడెత్తను. రాష్ట్రంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో పదిమందికి ఆరుగురు రక్తహీనతతో ఉన్నారని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అది మీకూ తెలుసు.

దయచేసి జోళ్లు ఇప్పించండి. పిల్లల సైజువి. ఏడాది గడిచింది కాబట్టి పవరు మళ్లీ చూసి ఇప్పించండి. తల్లుల్ని ఊళ్లు తిప్పకుండా బడికే పంపించండి. పబ్లిక్ పరీక్షలు మార్చిలో. బడ్జెట్ లేదంటే ఆ మాటే కాగితం మీద రాసివ్వండి, దాతల్ని అడుక్కుంటాం. ఆ కాగితం మాకు మెమో వచ్చినప్పుడు జవాబుకు జతచేయడానికీ పనికొస్తుంది.

ఇట్లు,
ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల లెక్కల మాస్టారు