ఆషాఢ గాలికి నిలిచిన పట్ట: సాయం చేసినవాళ్లకు దండాలు

దామలచెరువు దగ్గర తోతాపురి మామిడికాయల కుప్పలకు నీడగా 18 × 24 అడుగుల టార్పాలిన్ పట్టను మళ్లీ నిలబెట్టిన టెంటు హౌస్ తమ్ముళ్లకు, తాడు బిగించే తీరు చూపిన లారీ డ్రైవరన్నకు, అడగ్గానే సరుగుడు గుంజలిచ్చిన తోట రైతుకు చేతులెత్తి దండాలు. మీ పనితనం ఇంకో నలుగురికి ఉపయోగపడాలని వివరంగా రాస్తున్నాం.

పట్టను పందిరి మాదిరి నాలుగు పక్కలా ఒకే ఎత్తున కట్టడమే మా తప్పు. గాలి కిందికి దూరి పైకెత్తేస్తుంది. వేగం రెండింతలైతే తోపు నాలుగింతలు! ఆషాఢ గాలి వచ్చేది పడమటి నుంచి కాబట్టి వీళ్లు ఆ వైపు అంచును నేలకు ఆనించి, మూడేసి అడుగులకొక గూటం దిగ్గొట్టారు. తూర్పున నాలుగు గుంజలు: అడుగున్నర లోతు గుంత, చుట్టూ రాళ్లు కూరి, పైన ఏడడుగులు. ప్రతి గుంజ తల నుంచి పడమటి గూటం దాకా పట్ట కింద ఒక తాడు. అది లేకపోతే మధ్యలో జారి వాననీళ్లు మడుగు కడతాయి.

గుంజను లాగిపట్టే తాడుకు గూటం ఏడడుగుల దూరంలోనే ఉండాలి, అంటే గుంజ ఎత్తంత. దగ్గరగా కొడితే గాలికి నిలువునా ఊడొస్తుంది. గూటం తల పట్టకు అవతలి వైపు వాలాలి. నేల నాని మెత్తబడితే వెనక ఇంకో గూటం కొట్టి, ముందుదాని తలను వెనకదాని మొదలుకు కట్టాలి. ఈ కిటుకు ఒక్కటే మా కుప్పలను కాపాడింది.

పట్ట అంచున తాడు కట్టే రింగులను నమ్మకండి, మొదట చిరిగేది అక్కడే. నిమ్మకాయంత నున్నటి రాయిని పట్టలో చుట్టి, దాని మెడకు తాడు కట్టండి. మూలల్లో పాత సైకిల్ ట్యూబు ముక్క కలిపితే గాలి దెబ్బ అది మింగుతుంది. తాడు నడుమ ఉచ్చు వేసి, కొసను గూటం చుట్టూ తిప్పి ఉచ్చులోంచి లాగితే గిలక మాదిరి బిగుస్తుంది. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది, వాన వెలవగానే మళ్లీ బిగించాలి.

సాయంత్రం ఉరుములు మొదలైతే గాలి తిరగొచ్చు. అప్పుడు తూర్పు అంచును కిందికి దించేయండి, కానీ కాయల మీద పట్ట ఆననివ్వకండి, ఆవిరికి మగ్గి కుళ్లిపోతాయి.

తోట రైతన్నా, మిగిలిన రెండు గుంజలు రేపు పొద్దున్నే మీ షెడ్డుకు చేరుస్తాం.