తెలుగు సంఘం పాఠకుల విభాగం వార్షిక నివేదిక: మెక్లెన్‌బర్గ్ స్క్వేర్ చుట్టూ ఒక ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

లండన్‌లో ఇన్నేళ్లుగా ఉంటున్నాం, ఈ ఊరి రచయిత్రుల్లో వర్జీనియా వుల్ఫ్ పేరు తప్ప ఇంకొకటి మన నోట రాదు. పోయిన ఉగాది సర్వసభ్య సమావేశంలో ఈ మాట వచ్చాకే, ఏడాదంతా ఒకే పేట మీద కూర్చుందామని తీర్మానించాం. ఆ పేట మధ్య లండన్‌లోని బ్లూమ్స్‌బరీ తూర్పు అంచున, నడుమ తోట, చుట్టూ ఇళ్ల వరుసలతో ఉన్న మెక్లెన్‌బర్గ్ స్క్వేర్. రెండు ప్రపంచ యుద్ధాల కాలంలో ఐదుగురు రచయిత్రులు అక్కడ అద్దెకు ఉన్నారు: కవయిత్రి హెచ్.డి., డిటెక్టివ్ నవలలు రాసిన డొరొతీ సేయర్స్, గ్రీకు పండితురాలు జేన్ హారిసన్, చరిత్రకారిణి ఐలీన్ పవర్, ఆఖర్న వుల్ఫ్.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. అప్పుడు పంపిన ఆహ్వానంలో ‘ఒకే వీధిలో కలిసిమెలిసి బతికిన ఐదుగురు స్నేహితురాళ్లు’ అని రాసింది నేనే. అది నిజం కాదు. హెచ్.డి. 1918లో ఖాళీ చేసి వెళ్లిన 44వ నంబరు ఇంట్లోకి డొరొతీ సేయర్స్ 1920 డిసెంబరులో వచ్చింది. వుల్ఫ్ 1939లో వచ్చేసరికి ఆ ఇద్దరూ ఎప్పుడో వెళ్లిపోయారు, జేన్ హారిసన్ చనిపోయి పదకొండేళ్లయింది. వీళ్లను కలిపింది స్నేహం కాదు, చిరునామా.

మొదటి సమావేశంలోనే మన పెద్దావిడ ఒకరు, ‘ఇవన్నీ సరే, అద్దె ఎవరు కట్టారమ్మా?’ అని అడిగారు. అందరం నవ్వాం. కానీ తర్వాత ప్రతి నెలా ఆ ప్రశ్న దగ్గరికే వచ్చాం. తూర్పు లండన్ ఈస్ట్‌హామ్‌లో ఒక గదిలో నలుగురు సర్దుకుని బతుకు మొదలుపెట్టిన వాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం కాబట్టి ఆ ప్రశ్న మనకు సహజమే.

అద్దె ప్రశ్నకు సరైన జవాబు సేయర్స్ దగ్గర దొరికింది. ఆక్స్‌ఫర్డ్ ఆడవాళ్లకు మొదటిసారి డిగ్రీలు ఇచ్చిన 1920లోనే ఆమె పట్టా అందుకుంది. చేతిలో పట్టా ఉంది, స్థిరమైన ఉద్యోగం లేదు, చర్చి పాస్టర్‌గా ఉన్న నాన్న పంపే డబ్బే ఆధారం. ఆ గదిలో కూర్చుని లార్డ్ పీటర్ విమ్సీ అనే డిటెక్టివ్‌ను పుట్టించింది. తన ఒంటి గది విసుగు పుట్టిస్తే అతనికి పికడిల్లీలో విలాసమైన ఫ్లాట్ తీసుకునేదట. తన చవక తివాచీకి చిల్లు పడితే అతనికి ఖరీదైనది ఆర్డరు చేసేదట. బస్సుకు చిల్లర లేనప్పుడు అతనికి డైమ్లర్ కారు కొనిపెట్టేదట. ఇది ఆమే తర్వాత సరదాగా చెప్పుకున్న సంగతి. మొదటి నవల 1923లో వచ్చింది. పన్నెండేళ్ల తర్వాత రాసిన ‘గాడీ నైట్’లో తన కథానాయిక హ్యారియెట్ వేన్‌ను తెచ్చి ఇదే స్క్వేర్‌లో కాపురం పెట్టించింది.

ఆ 44వ నంబరు ఇంటి గోడ మీద, ప్రముఖులు ఉన్న ఇళ్లకు పెట్టే నీలం ఫలకంలో ఉన్నది మాత్రం హెచ్.డి. పేరు. అసలు పేరు హిల్డా డూలిటిల్, అమెరికన్ కవయిత్రి. భర్త రిచర్డ్ ఆల్డింగ్టన్ యుద్ధంలో, పైన జర్మన్ల బాంబులు, 1915లో పురిట్లోనే పోయిన బిడ్డ. 1917లో కార్న్‌వాల్ నుంచి వెళ్లగొట్టిన నవలాకారుడు డి.హెచ్. లారెన్స్ దంపతులకు కొన్ని వారాలు ఆ ఇంట్లోనే చోటిచ్చింది. ఆ రోజుల మీద ఆమె రాసిన నవల 1960లో గాని అచ్చు కాలేదు. ఆమె కవితలు మనలో సగం మందికి ఎక్కలేదని నిజాయితీగా చెప్పాలి. ఆ నెల హాజరు కూడా తక్కువే.

జేన్ హారిసన్‌ది ఇంకో దారి. పుట్టింది 1850లో. ప్రాచీన గ్రీకు మతం మీద ఆమె పుస్తకాలు ఆ శాస్త్రాన్నే మలుపు తిప్పాయి. అయినా ఆమె చదివి, పాఠాలు చెప్పిన కేంబ్రిడ్జ్ ఆడవాళ్లకు పూర్తి డిగ్రీలు ఇచ్చింది 1948లోనే. 1922లో, డెబ్బై దాటాక, కాగితాలూ ఉత్తరాలూ కాల్చేసి, యువ రచయిత్రి హోప్ మిర్లీస్‌తో పారిస్ వెళ్లిపోయింది. 1926లో లండన్ వచ్చి, స్క్వేర్‌ను ఆనుకున్న మెక్లెన్‌బర్గ్ స్ట్రీట్‌లో 11వ నంబరు చిన్న ఇంట్లో ఆఖరి రెండేళ్లు గడిపింది. ఆ వయసులో రష్యన్ పుస్తకాల అనువాదాలు! ఆమె జ్ఞాపకాల పుస్తకాన్ని 1925లో అచ్చువేసింది వుల్ఫ్ దంపతుల హోగార్త్ ప్రెస్సే. 1928 ఏప్రిల్‌లో ఆమె పోయాక, దగ్గర్లోని పాత శ్మశానంలో వుల్ఫ్‌కు హోప్ ఎదురుపడింది. మన నడక రోజున అక్కడ, ఇప్పుడది సెయింట్ జార్జ్ తోట, కాసేపు ఎవరం మాట్లాడలేదు.

నాకు మాత్రం బాగా నచ్చింది ఐలీన్ పవర్. ఇందులో పక్షపాతం ఉంటే క్షమించాలి. 1920లో ప్రపంచయాత్రకు ఇచ్చే ఆల్బర్ట్ కాన్ ఫెలోషిప్ గెలిచిన మొదటి మహిళ. పెళ్లి చేసుకుంటే ఈ డబ్బంతా వృథా కదా అని ఇంటర్వ్యూలో అడిగారట. ఆమె భారతదేశం, చైనా తిరిగి వచ్చింది. ఖైబర్ కనుమలోకి ఆడవాళ్లను రానివ్వకపోతే మగ వేషం వేసుకుని వెళ్లింది. 1922 నుంచి 1940 దాకా 20వ నంబరు ఇంట్లో ఉంది. అదే స్క్వేర్‌లో ఆమె సహోద్యోగి, చరిత్రకారుడు టానీ. రాజుల కథ కాకుండా రైతు, సన్యాసిని, ఇల్లాలు ఎలా బతికారో రాసింది. ఆ ‘మెడీవల్ పీపుల్’ 1924లో వచ్చింది. చెల్లెలు రోడాతో కలిసి బీబీసీలో బడిపిల్లలకు చరిత్ర చెప్పింది. 1931లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ప్రొఫెసర్ అయింది. వంటింట్లో డాన్సు పార్టీలు పెట్టేది. 1937లో, తనకన్నా పదేళ్లు చిన్నవాడైన చరిత్రకారుడు పోస్టన్‌ను పెళ్లాడింది. 1940 ఆగస్టులో ఉన్నట్టుండి గుండె ఆగి పోయింది, యాభై ఒక్క ఏళ్లకే.

మరుసటి నెలే స్క్వేర్ మీద బాంబులు పడ్డాయి. వుల్ఫ్ దంపతులు ఏడాది ముందే ప్రెస్సుతో సహా 37వ నంబరుకు మారారు. పాత టావిస్టాక్ స్క్వేర్ ఇంటి లీజు వదల్లేదు కాబట్టి రెండు అద్దెలు! అక్టోబరుకల్లా రెండు ఇళ్లూ దెబ్బతిన్నాయి. శిథిలాల్లోంచి ఆమె తన డైరీలు ఇరవై నాలుగు సంపుటాలు వెతికి తెచ్చుకుంది. 1941 మార్చిలో మనకు లేకుండా పోయింది. 37వ నంబరు ఉన్న ఉత్తరం వైపు వరుసలో ఇప్పుడున్నది గుడ్‌ఎనఫ్ కాలేజీ భవనం. మన సభ్యుల్లో ఒకరి అమ్మాయి అక్కడే ఉండి చదువుకుంది.

జూన్‌లో ప్రైవేటు తోటలు తెరిచే వారాంతంలో నడక పెట్టుకున్నాం. పశ్చిమ లండన్ హౌన్‌స్లో ప్రాంతం వాళ్లకు పికడిల్లీ మెట్రో లైన్లో రస్సెల్ స్క్వేర్ స్టేషన్ నేరుగా వస్తుంది. ఈస్ట్‌హామ్ వాళ్లు రైలు మారి వచ్చినా ముందు చేరింది వాళ్లే. 21వ నంబరు గోడ మీద 1869-70లో అక్కడున్న, అలీగఢ్ కాలేజీ స్థాపకుడు సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ పేరు చూసి పెద్దలు ఫోటోలు దిగారు. పులిహోర తోట బయట తిన్నాం.

ఇక ఇంటి లెక్కలు. మనకు ఖాయం చేసిన హాలు రెండుసార్లు ముందురోజు సాయంత్రం రద్దు చేశారు, ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. ఒకసారి కోశాధికారి ఇంట్లోనే కూర్చున్నాం. ఖాతా నష్టంలో లేదు, వివరాలు ఆయన విడిగా చదువుతారు. సభ్యత్వ రుసుము మార్చడం లేదు.

‘తెలుగు సంఘానికి ఇంగ్లీషు ఆడవాళ్లెందుకు?’ అన్న విమర్శ కూడా నమోదు చేయమన్నారు, చేస్తున్నాను. అందులో న్యాయం ఉంది. సేయర్స్ ఆక్స్‌ఫర్డ్ పట్టాకు దాదాపు రెండు దశాబ్దాల ముందే, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు పక్కన కూర్చుని చదువు నేర్చుకున్న భండారు అచ్చమాంబ, ఎందరో స్త్రీల జీవితాలను ఒకచోట చేర్చి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసింది. మొదటి భాగం 1901లో వచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్లు నిండేలోపే పోయింది. వచ్చే ఏడాది ఆమెనే చదువుతున్నాం. పాత ప్రతి ఎవరి ఇంట్లోనైనా ఉంటే మొదటి సమావేశానికి తీసుకురాగలరు, ఫోటోకాపీ ఖర్చు సంఘానిదే.

ఇట్లు,
కార్యదర్శి